రెండు అని రాశాను

చిరుతపులి ఒంటి మీద ఎడమ పక్క మచ్చలు ఒకలా ఉంటాయి, కుడి పక్క మచ్చలు ఇంకోలా ఉంటాయి. ఒక పక్క చూసి రెండో పక్క ఎలా ఉంటుందో ఎవరూ చెప్పలేరు. అందుకే దారికి అటూ ఇటూ రెండు కెమెరాలు ఎదురెదురుగా కట్టాలి. జంతువు మధ్యలోంచి నడిస్తే రెండు పక్కలూ ఒకేసారి పడతాయి, ఫలానాది అని తేలుతుంది. ఇది నాకు ఒకరు చెప్పక్కర్లేదు. మా అటవీ శాఖలో చేరిన కొత్తవాళ్లందరికీ పదకొండేళ్లుగా నేనే చెబుతున్నాను.

పోయిన ఏడాది మాత్రం నా తెలివి తెల్లారింది. మా దగ్గర పనిచేసే కెమెరాలు పద్నాలుగే మిగిలాయి. కొన్ని నీళ్లు దిగి చెడిపోయాయి, కొన్నిటిని ఎలుగుబంటి నమిలేసింది, ఒకదాన్ని ఎవరో గొలుసు కోసి మరీ పట్టుకుపోయారు. జంటలుగా కడితే ఏడు చోట్లే వస్తాయి, విడిగా కడితే పద్నాలుగు చోట్లు. విడిగా కట్టించాను.

చిరుతల్ని లెక్కపెట్టే మా పనంటే బయటివాళ్లకి మహా గొప్ప. నిజానికి అది కొండని తవ్వి ఎలుకని పట్టడమే. మూడు నెలలకి పదహారు వేల ఫొటోలొస్తే అందులో పదమూడు వేలు గాలికి ఊగిన గడ్డి, రెండు వేలు మేకలు, ఓ నాలుగొందలు బాబాయ్ మోకాళ్లు. బాబాయ్ నాకు చుట్టమేమీ కాదు. మా ఆఫీసులో జాడలు చూసే మనిషి. నేల మీద అడుగు, చెట్టు మీద గోటి గీత, ఎండిన మలంలో వెంట్రుకలు చూసి ఏ జంతువు ఎప్పుడు ఎటు పోయిందో చెబుతాడు. నాకు పని నేర్పింది ఆయనే.

పద్నాలుగింటిలో రెండు కెమెరాలకే చిరుత చిక్కింది. వాగు పక్క కెమెరాలో తొమ్మిది ఫొటోలు, అన్నీ ఎడమ పక్కవే. గుట్ట మీది కెమెరాలో ఆరు, అన్నీ కుడి పక్కవే. వాగుది ఒకటి, గుట్టది ఒకటి అనుకున్నాను. రెండూ ఆడవాటిలా ఉన్నా, ఏదో ఒకటి మగదైతే వచ్చే ఏడు పిల్లలుంటాయని కూడా అనేశాను. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అని బాబాయ్ నవ్వాడు.

నవ్వి ఊరుకోలేదు, వాగులోకి తీసుకెళ్లాడు. తడి ఇసకలో అడుగు చూపించాడు. ఎడమ వెనక కాలి బయటి వేలు వంకర తిరిగి ఉంది. అట్నుంచి గుట్ట ఎక్కించి దుమ్ములో ఇంకో అడుగు చూపించాడు.

"వాగు వెంట ఎక్కుతుంది, గుట్ట మీంచి దిగుతుంది. రోజూ అదే చుట్టు. అందుకే కింద ఒక పక్క, పైన ఒక పక్క పడుతోంది. ఉన్నది ఒకటే అమ్మాయ్," అన్నాడు.

దుమ్ములో వేలు సరిగ్గా తెలియడం లేదన్నాను. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లంటావని దెప్పాను. నాది మూడు కాళ్లదైతే నీ చిరుత ఎనిమిది కాళ్లది అన్నాడు. ఇద్దరం నవ్వుకుంటూ దిగాం.

నిజం చెప్పాలంటే నాకూ అనుమానం ఉంది. అలాంటప్పుడు రిపోర్టులో 'కనీసం ఒకటి' అని రాయాలి. కానీ మా అడవిలో చిరుతలు ఆరు నుంచి నాలుగుకి, నాలుగు నుంచి మూడుకి పడ్డాయి. లెక్కలో ఒకటే అని తేలితే ఏడాది చూసి, ఒక్కటీ లేకపోతే అప్పటికప్పుడే, అడవిని కాపాడే అడవుల జాబితాలోంచి తీసేస్తామని పైనుంచి ఎప్పుడో చెప్పారు. తీసేస్తే కెమెరాలూ ఉండవు, కాపలా ఉండదు, మర్నాడే రాయి కొట్టేవాళ్లు దిగుతారు. రెండు ఉండాలని నాకు కోరిక. రెండు అని రాశాను.

నెల తిరక్కుండానే, ఇటుకబట్టీలో పనిచేసే ఒకామె పుల్లలకని అడవి అంచుకి వెళ్లి తిరిగి రాలేదు. మర్నాడు శవం దొరికిన చోట జాడ చూడ్డానికి బాబాయ్ వెళ్లాడు. వచ్చి చేతులు కడుక్కుని, తెచ్చుకున్న క్యారేజీ విప్పకుండా కూర్చున్నాడు. వంకర వేలుదే అని నాతో మాత్రం అన్నాడు. చనిపోయినామె తల్లి మూడు రోజులు మా ఆఫీసు మెట్ల మీదే ఉంది. ఏడవలేదు, ఎవర్నీ తిట్టలేదు. నేను లోపలికి వెళ్తుంటే కొంగు పట్టుకుని ఆపి, "మీ పులులకి లెక్క ఉందంటగా తల్లీ, మా పిల్ల ఏ లెక్కలోకి వస్తుంది?" అని అడిగింది. కొంగు విడిపించుకుని లోపలికి వెళ్లాను.

మనిషిని చంపినదాన్ని వదలరు, వదలకూడదు కూడా. అయితే అడవికి అదొక్కటే మిగిలి ఉంటే మత్తు ఇచ్చి పట్టి బోనులో పెట్టాలి. ఇంకోటి ఉంటే కాల్చొచ్చు. ఆఫీసరు గారు చెడ్డమనిషి కాదు. నన్ను పిలిచి, నా రిపోర్టు ముందు పెట్టుకుని, రెండున్నాయన్నది ఖాయమేనా అని అడిగారు. అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. చెబితే పదకొండేళ్ల పేరు గంగలో కలుస్తుంది. ఖాయమేనండీ అన్నాను.

బాబాయ్ కూడా వెళ్లి ఒకటే అని చెప్పాడు. రుజువేమిటని అడిగితే వంకర వేలి అడుగుజాడ అన్నాడు. ఆఫీసరు గారు నా ఫొటోల వైపు చూపించారు. బయటికి వచ్చి బాబాయ్ నన్ను పక్కకి పిలిచాడు.

"ఆ తల్లికి అది అడవిలో లేకుండా పోతే చాలమ్మా. బోనులో ఉన్నా చాలు. నువ్వొక్క మాట అను."

రాసినదాన్ని ఎలా మారుస్తాను అన్నాను. ఆయన కర్ర తీసుకుని వాగు వైపు వెళ్లిపోయాడు.

మూడో రోజు పొద్దున్నే కాల్చారు. జీపులో తెచ్చి ఆఫీసు వెనక రేకుల షెడ్డులో బల్ల మీద పడుకోబెట్టారు. కుడి పక్క పైకి ఉంది. చూడగానే గుట్టది అని గుర్తుపట్టాను. అయితే వాగుది బతికే ఉందని ప్రాణం లేచొచ్చింది. చచ్చిన జంతువు ముందు నిలబడి సంతోషపడ్డాను, అది ఇప్పటికీ నాకు సిగ్గే. అది ముసలిదని, కోర పళ్లు విరిగాయని, ఏ జింకనీ పట్టలేకే మనిషి మీద పడిందని పశువుల డాక్టరు చెప్పారు. గుండు ఎక్కడ ఆగిందో చూడాలి, తిప్పండి అన్నారు. నలుగురం పట్టి తిప్పాం.

ఫొటోలు తీసి చూడాల్సిన పని లేకపోయింది. ఆ తొమ్మిదీ నాకు కంఠతా వచ్చు. భుజం వెనక మూడు చుక్కలు, డొక్క మీద తెగిన ఉంగరం. అది వాగుది. రెండూ ఒకటే.

ఆఫీసరు గారు కాగితం నింపుతూ, ఇక మిగిలింది ఒకటి కదా అన్నారు. చెప్పేద్దామని నోరు తెరిచాను. నాకంటే ముందు బాబాయ్ మాట్లాడాడు.

"ఉందండీ. పొద్దున్నే గుట్ట మీద అడుగు చూశాను."

ఆఫీసరు గారు 'ఒకటి' అని రాసుకుని వెళ్లిపోయారు. ఎందుకలా చెప్పావని తర్వాత అడిగాను. పోయినదాన్ని ఎలాగూ తేలేం, అడవైనా ఉంటే ఏనాటికైనా ఎటునుంచో ఇంకోటి రావచ్చు అన్నాడు. నా ముఖం చూడకుండా అన్నాడు.

అది జరిగి అయిదు నెలలైంది. ఇప్పుడు కెమెరాలు జంటలుగానే కడుతున్నాం. గడ్డి పడుతోంది, మేకలు పడుతున్నాయి. బాబాయ్ రోజూ తెల్లవారగానే కర్ర తీసుకుని వాగు వెంట ఎక్కి గుట్ట మీంచి దిగుతాడు. వచ్చి నా బల్ల ముందు నిలబడి, తాజా అడుగు కనబడింది, ఇంత ఉంది అని వేళ్లతో కొలత చూపిస్తాడు. ఆయన నిజం చెప్పినప్పుడు నేను రాయలేదు. ఇప్పుడు అబద్ధం చెబుతున్నాడు, రోజూ రాసుకుంటున్నాను.