దశరథ్ కట్టు విప్పిన పొద్దు

కాలిన గాయాల వార్డులో పొద్దున కట్లు మార్చే వేళకు సిస్టర్ వనజ మొట్టమొదట చేసే పని ఫోన్లో పాట పెట్టడం. బారాత్‌లో పెట్టినంత గట్టిగా పెడుతుంది. ఆ తర్వాతే గ్లౌజులు తొడుక్కుని, సెలైన్ పోసి పాత గాజుగుడ్డను నానబెడుతుంది. ఎండిన గుడ్డను లాగితే చర్మం కూడా వెంట వస్తుంది. నానిన గుడ్డను తీస్తే చప్పుడు వస్తుంది. ఒళ్లు కాలేటప్పుడు మనిషి చుట్టూ ఏ మాటలుంటే ఆ మాటలు, ఏ కేకలుంటే ఆ కేకలు పొరపొరకూ అంటుకుని ఉంటాయి మరి.

రోజూ అవి వింటూ ఎవరు బతుకుతారు? తోటి నర్సు నాగేశ్వరి చెవుల్లో దూది పెట్టుకుంటుంది. వనజ పాటలతో నెట్టుకొస్తోంది. ఇంట్లో వంకాయ కాల్చి పచ్చడి చేయడం మానేసింది. మొగుడు మొదట్లో సణిగాడు గానీ ఒకసారి ఆమె ముఖం చూసి ఊరుకున్నాడు.

చిట్కుల్‌లో కిరాయికి ఉండే దశరథ్‌ను మందుల ఫ్యాక్టరీ నుంచి తెచ్చారు. రియాక్టర్ పేలింది. తోటి పనివాడు నరేష్ అక్కడే పోయాడు. దశరథ్‌కు ఛాతీ, చేతులు కాలాయి. వేడి ఆవిరి గొంతులోకి పోయి మాట పడిపోయింది, గొట్టం వేశారు.

ఫ్యాక్టరీ మేనేజరు మురళీమోహన్ యాపిల్ పళ్లు పట్టుకుని పలకరించడానికి వచ్చాడు. గొట్టంతో పాలు తాగే మనిషికి యాపిల్ పళ్లు!

"మీ ఆయన లోపల బీడీ ముట్టించాడమ్మా, దాంతోనే పేలింది," అన్నాడు దశరథ్ భార్య రవళితో. "రేపు పోలీసులకు అదే చెప్తాం."

"ఆయన బీడీ తాగడు సార్!"

"డ్యూటీలో ఏం చేస్తాడో ఇంట్లో కూర్చున్న నీకేం తెలుసు?"

అతను వెళ్లాక రవళి గోడకు ఆనుకుని ఏడ్చింది. "నరేష్‌ను ఈయనే సంపిండంటరక్కా. లేసి నిలబడంగనే జైలుకు తీస్కపోతరు. సారు చెప్పిందే పోలీసులు రాసుకుంటరు."

వనజకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఒళ్లు కాల్చింది చాలక మనిషి పేరు కూడా కాల్చాలా? ఇన్నాళ్లూ తాను పాటలు పెట్టి మూసింది ఎవరి నోరు?

మర్నాడు పొద్దున అందరి కట్లూ మార్చింది, దశరథ్‌ది తప్ప.

"ఏందక్కా, దశరథ్ బెడ్డు మర్సినవా?" అంది నాగేశ్వరి.

"మర్వలె. డాక్టర్‌కు చెప్పిన. ఆ పోలీసోళ్లను రానీ."

హెడ్ కానిస్టేబుల్ నర్సింగ్, వెనకే మురళీమోహన్ వచ్చారు. వనజ ఇద్దరికీ గౌన్లు, మాస్కులు ఇచ్చింది.

"మేం బయట కూర్చుంటాం సిస్టర్, మీ పని కానివ్వండి," అన్నాడు మేనేజరు.

"ఉండుండ్రి సార్. ఎట్ల కాలిందో మీకు మస్తు తెలుసు గద!"

సెలైన్ పోసింది. అలవాటుగా చెయ్యి ఫోన్ మీదికి పోయింది. తీసి బంద్ చేసి జేబులో వేసుకుంది. అది చూసి నాగేశ్వరి చెవుల్లో దూది తీసేసింది.

మొదటి పొర తీస్తే మిషన్ల రొద. రెండో పొరలో దశరథ్ గొంతు. "సార్, వేడి ఎక్కువైతుంది, బంద్ చేద్దం. నరేష్ ఇంక లోపల్నే ఉన్నడు."

పోయిందనుకున్న ఆ గొంతు వినగానే కాళ్ల దగ్గర నిలబడ్డ రవళి మంచం పట్టీని గట్టిగా పట్టుకుంది. దశరథ్ కళ్ల చివర నీళ్లు కారుతున్నాయి.

"ఇంకొంచెమే తమ్మీ, ఓర్చుకో," అంది వనజ. మూడో పొర తీసింది.

"బంద్ చేస్తే సాయంత్రం లోడు నువ్వు పంపుతావా? ఏం పేలదు, నడుపు!"

మురళీమోహన్ మాస్కు కిందికి లాగి, "హెడ్డుగారూ, నేను చెప్పేది ఏంటంటే..." అని మొదలుపెట్టాడు.

నర్సింగ్ రాస్తున్న కాగితం మీంచి తల ఎత్తలేదు. "జెర ఆగుండ్రి సార్. ఆడ మీరే మాట్లాడుతున్నరు, ఇననియ్యుండ్రి."

ఆఖరి పొర చేతుల మీదిది. "నరేష్, చెయ్యియ్యిరా! చెయ్యియ్యి!" అన్న దశరథ్ కేక, ఆ వెంటనే పేలుడు. మంచం పక్కన సెలైన్ గిన్నె గలగల్లాడింది.

వనజ ఆ చేతులకు మందు రాయసాగింది. నర్సింగ్, మేనేజరు మాట మీద ముందే బీడీ అని రాసుకున్న చోట అడ్డంగా గీత కొట్టి, అతని వైపు తిరిగాడు.

"మీ పేరు చెప్పుండ్రి సార్. ఇంటిపేరుతోని."