అప్పగింతల బండి

అనకాపల్లిలో నానాజీ తోలే సుమోకి పెళ్లిళ్ల కాలంలో ఖాళీ ఉండదు. మనిషి ఆరడుగులు, మీసం పొడుగు, తోలడం మెత్తన. ఒక్కటే ఇబ్బంది. అప్పగింతల దగ్గర పెళ్లికూతురి తండ్రికన్నా ముందు అతనే ఏడుస్తాడు. ఒకసారి పూడిమడకలో ఎంత ఏడ్చేడంటే, మగపెళ్లివారు అతనికీ పిల్లకీ ఏదో పాత సంగతి ఉందేమోనని అనుమానపడి, మరో డ్రైవర్ని పిలిపించేరు.

భార్య అప్పలనర్సమ్మ నల్లకళ్లద్దాలు కొనిపెట్టింది. నీళ్లు అద్దాల కింద నుంచి కారేయి. తోటి డ్రైవరు అప్పలరాజు చెప్పేడని పచ్చిమిరపకాయ నమిలేడు. దాంతో రెండు రకాల కన్నీళ్లూ కలిసొచ్చేయి. చివరికి కంటి డాక్టరు దగ్గరికెళ్తే, ఆయన లైటు వేసి చూసి, కళ్లు బాగున్నాయనీ, ఏడుపొస్తే ఏడవమనీ చెప్పి పంపేసేడు. నానాజీకి అది వైద్యంలా అనిపించలేదు.

రెండువేల అయిదు మే నెలలో రావికమతం రైతు బంగారయ్య కూతురి పెళ్లి అనకాపల్లి కళ్యాణమండపంలో జరిగింది. తల్లి పోయిన నాడు కూడా కన్ను తడవని మనిషని బంగారయ్యకి ఊళ్లో పేరు. అప్పగింతలప్పుడూ స్తంభంలా నిలబడ్డాడు. పిల్ల మాత్రం అత్తవారి కారెక్కబోతూ నానాజీ దగ్గర ఆగి, చేతిలో ఓ పొట్లం పెట్టి, ఏదో చెప్పి వెళ్లింది. ఆ తర్వాత బంగారయ్యనీ, భార్య దేముడమ్మనీ ఎక్కించుకుని నానాజీ రావికమతం బయల్దేరేడు.

చోడవరం దాటేక ఇంక రోడ్డు కనపడక బండి పక్కకి తీసి ఆపేడు.

"పిల్లని పంపిందెవరయ్యా, నేనా నువ్వా?" అన్నాడు బంగారయ్య విసుగ్గా. "మగోడివి, సిగ్గులేదేటి?"

నానాజీ తువ్వాలుతో మొహం తుడుచుకుని పొట్లం తీసేడు. "మీ పాప ఇచ్చింది బాబూ. మా నాన్న బీపీ మాత్ర ఏసుకోడు, రోజూ నేనే సేతిలో ఎడతాను, ఇయ్యేల మీరు ఏయించండి, అంది."

బంగారయ్య పొట్లం వంక చూసేడు. గెడ్డం కదిలింది. ఆ తర్వాత వచ్చిన శబ్దానికి, వెనకసీట్లో కునుకుతున్న దేముడమ్మ బండి దేన్నో గుద్దేసిందనుకుని తెలిసిన దేముళ్లందర్నీ పిలిచింది.

నానాజీకి ఈ పని బాగా తెలుసు. తలుపు తీసి, బంగారయ్యని కిందికి దింపి, చెరకుతోట గట్టు మీద కూర్చోబెట్టేడు. తువ్వాలిచ్చేడు. ఏడుపు గొంతులో ఆపొద్దనీ, ఆపితే ఎక్కిళ్లు పడతాయనీ, నడుమ నడుమ నీళ్లు తాగాలనీ నేర్పేడు. మాత్ర కూడా ఆ నీళ్లతోనే వేయించేడు.

ఊరు దగ్గరపడేక బంగారయ్య మళ్లీ బండి ఆపించి దిగేడు, కళ్ల ఎరుపు తగ్గేదాకా ఊళ్లోకి రానని. అంతలో సైకిలు మీదొస్తున్న పక్కూరి రైతు పైడిరాజు ఆగి, ఏమయిందని అడిగేడు.

"కంట్లో దుమ్ము పడింది," అన్నాడు బంగారయ్య.

"దుమ్మూ లేదు, ధూళీ లేదు," అంది దేముడమ్మ బండిలోంచి. "కూతురెల్లిపోయిందని ఏడ్సేడు."

బంగారయ్య మళ్లీ కళ్లు తుడుచుకున్నాడు. పైడిరాజు సైకిలు స్టాండు వేసి పక్కన చతికిలబడ్డాడు. కిందటేడు ఎద్దుని సంతలో అమ్మేసేక నెల్లాళ్లు తనకి అన్నం సయించలేదనీ, ఇంట్లో కడుపునొప్పని చెప్పేననీ మొదలెట్టేడు. ఎద్దు పేరు దగ్గరికొచ్చేసరికి అతనూ ఏడ్చేడు. నానాజీ తువ్వాలు పిండి అతనికి అందించేడు. తన కళ్లకి చొక్కా చెయ్యే మిగిలింది.

దేముడమ్మ ముగ్గుర్నీ కాసేపు చూసింది. తను పొద్దున్నే ఏడ్చేసిందనీ, ఇప్పుడు ఆకలేస్తోందనీ, ఎద్దు సంగతి బండిలో చెప్పుకోవచ్చనీ చెప్పి తలుపు తీసింది. సైకిలు సుమో పైన కట్టేరు.