గట్టు లోపలి నేల

శనివారం నాటిన మూడు వేల మొక్కలు బుధవారం తెల్లవారేసరికి లేవు.

హెర్మినియా మోకాలి లోతు నీళ్లలో నిలబడి చూసింది. వరుసల గుర్తుకోసం పాతిన వెదురుపుల్లలు కొన్ని వంగిపోయి మిగిలాయి. మొక్కలన్నీ ఒడ్డున నాచుతో, ప్లాస్టిక్ సంచులతో కలిసి గుట్టలుగా పడి ఉన్నాయి. రాత్రి వీచింది పెద్ద గాలేమీ కాదు. రేడియోవాళ్లు దానికి పేరైనా పెట్టలేదు. పేరులేని గాలికే ఇలాగైతే పేరున్నది వచ్చిన రోజున ఏమవుతుందో అనుకుంది.

"ఇది మూడోసారి, మానా," అంది కొపియా, తడిసిన గౌను ఎగదోపుకుని మొక్కలు ఏరుతూ. కనావాయ్ ఊళ్లో హెర్మినియా కంటే చిన్నవాళ్లంతా ఆమెను మానా అంటారు, పెద్దక్కను పిలిచినట్టు. "మనం నాటుతున్నాం, సముద్రం పీకుతోంది. దానికి కూడా మొక్కకి ఆరు పెసోలు ఇస్తున్నారేమో కనుక్కో."

"దానికైతే చేతికి చేతే ఇస్తారు. మనకే నెల తిప్పుతారు," అంది ఇంకొకావిడ.

ఆడవాళ్లు నవ్వారు. హెర్మినియా వంగి నీళ్లలో చెయ్యి పెట్టింది. కిందటేడు దాకా ఇక్కడ సముద్రపు గడ్డి దట్టంగా ఉండేది. ఆటు వేళ ఆ గడ్డి వేళ్లలో గుల్లలు ఏరుకుంటే ఒక పూట కూర వెళ్లిపోయేది, మిగిలితే కిలో అరవై పెసోలకు అమ్ముకునేవారు. మొక్కలకోసం తవ్వీ తొక్కీ ఆ గడ్డి చచ్చిపోయింది. చేతికి బురద తప్ప ఏమీ తగల్లేదు.

మడ మొక్క ఎక్కడ బతుకుతుందో ఆమెకు తెలుసు. రోజంతా నీళ్లలో మునిగి, అలల దెబ్బ తినే చోట బతకదు. పోటుకు మునిగి ఆటుకు ఆరే నేల కావాలి దానికి. ఈ సంగతి ఆమెకు ఏ పుస్తకమూ చెప్పలేదు. ఊరి పక్కన మడ అడవి ఉన్న రోజుల్లో ఆ వేళ్ల మధ్య పీతలు పట్టి పెరిగింది.

నాలుగేళ్ల కిందటి ఉప్పెనలో ఆమె కూతురు లిర్యో పోయింది. పంతొమ్మిదేళ్ల పిల్ల. బడి గోడ పక్కన, తల్లి చేతిలో చెయ్యి ఉండగానే. హెర్మినియా దాని గురించి ఎవరితోనూ మాట్లాడదు. ఒక్క మాట మాత్రం అంటూ ఉంటుంది. కోసు దూరంలో ఉన్న బుంగ్‌తోద్ పేటలో ఆ రోజు ఒక్క ప్రాణం పోలేదు. ఆ పేట ముందు పాత మడ ఇంకా ఉంది. అక్కడ నీళ్లు మోకాళ్ల దాకా వచ్చి ఆగాయి.

అందుకే మనీలా నుంచి దాతృత్వ సంస్థవాళ్లు వచ్చి, తీరం పొడుగునా మడ పెంచుతాం, నాటేవాళ్లకు ఒక పెద్ద కావాలి అన్నప్పుడు మొదట చెయ్యెత్తింది ఆమే. డాక్టర్లు, ఇంజనీర్లు, లాయర్లు, బ్యాంకులవాళ్లు, చెట్ల శాస్త్రం తెలిసినవాళ్లు, సినిమాలు తీసేవాళ్లు అందరినీ ఒక్కతాటి మీదికి తెచ్చామని వాళ్లు చెప్పారు. ఇంతమంది చదువుకున్నవాళ్లు ఒక పని మీద కూర్చుంటే కానిదేముంటుందని ఆమె నిజంగానే అనుకుంది.

అందరూ కాప్ అని పిలిచే ఊరిపెద్ద దెల్ఫిన్ మోటార్‌సైకిల్ ఒడ్డున ఆపి, దిగకుండానే కేకేశాడు. "మానా మినియా! ఎల్లుండి శుక్రవారం పెద్దవాళ్లంతా వస్తున్నారు. సంస్థ అధ్యక్షురాలు కూడా. రేపు సాయంత్రానికి ఈ వరుసలన్నీ మళ్లీ నిలబడాలి."

ఆమె నీళ్లలోంచి నడిచి అతని దగ్గరికి వెళ్లింది. గొంతు తగ్గించి అంది. "ఇక్కడ నిలబడవు దెల్ఫిన్. నీకూ తెలుసు. వెనకున్న చెరువులో నాటుదాం. గట్టుకి నాలుగుచోట్ల గండి కొడితే చాలు, పోటు లోపలికి వస్తుంది. మొక్క దానంతటదే లేస్తుంది."

దెల్ఫిన్ ముఖంలో రంగు మారింది. వెనక్కి తిరిగి రోడ్డు వైపు చూశాడు. అక్కడెవరూ లేరు.

"ఆ మాట ఇంకెక్కడా అనకు."

"ఏడేళ్లయింది ఆ చెరువులో రొయ్యపిల్ల వేసి."

"ఏడేళ్లవనీ, డెబ్బయ్యేళ్లవనీ. లాస్కానోగారిది. నీ గుడిసె ఎవరి నేలలో ఉంది? నాది? కొపియాది? ముప్పయ్యారు గుడిసెలూ ఎవరి నేలలో ఉన్నాయి? ఆయన ఊఁ అంటే రేపు మనం చాపలు చుట్టుకుని రోడ్డెక్కాలి. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది, మానా."

అతను బండి తిప్పుకుని వెళ్లిపోయాడు.

గుడిసెల వెనకే ఉంది చెరువు. అరవై హెక్టార్లు. ఒకప్పటి మడ అడవి అదే. ప్రభుత్వం నేలను లాస్కానోకి కౌలుకిస్తే, అతను అడవి నరికించి గట్లు పోయించాడు. నరికిన కూలీల్లో హెర్మినియా తండ్రి ఒకడు. తరవాత రొయ్యకు తెగులు వచ్చింది. తూము మూసేసి వదిలేశారు. ఇప్పుడు లోపల పచ్చగా పాచిపట్టిన నీళ్లు, చుట్టూ గట్టు. గట్టుకూ సముద్రానికీ మధ్య నలభై అడుగుల ఇసుక పట్టీ మీద ముప్పయ్యారు గుడిసెలు. ఉప్పెన వచ్చినప్పుడు ముందు సముద్రం, వెనక గట్టు. పరుగెత్తడానికి దారి లేదు.

గురువారమంతా నాటారు. కొట్టుకొచ్చినవాటిలో బాగున్నవి ఏరి మళ్లీ అక్కడే గుచ్చారు. మధ్యాహ్నం కిలో యాభై రెండు పెసోల బియ్యం అరువు తెచ్చుకుని వండుకుని, ఎండుచేప కొరుక్కుని, మళ్లీ నీళ్లలోకి దిగారు. ఎవరి జేబులోనో రేడియో తూర్పున అల్పపీడనం అంటోంది. ఆ మాట వినపడగానే అందరి చేతులూ ఒక్క క్షణం ఆగాయి. మళ్లీ కదిలాయి.

ఎండ వాలుతుండగా చెరువు కాపలావాడు ఇస్యోంగ్ ఆమెను వెతుక్కుంటూ వచ్చాడు. చనిపోయిన ఆమె భర్తకు స్వయానా తమ్ముడు. భుజాన తుపాకీ ఉంది. దాన్ని ఎక్కడ దాచాలో తెలియనట్టు వీపు వెనక్కి తోసుకున్నాడు.

"మానా, గట్టుకి గండి అన్నావట."

"అప్పుడే చేరిందా?"

"కాప్ మంచివాడే, కానీ నోట్లో నువ్వుగింజ నానదు." అతను కింద కూర్చున్నాడు. "అయ్యగారు ఫోన్ చేశారు. గట్టు మీద ఎవరి కాలు పడినా నాకు కబురు కాదు, శవం కావాలన్నారు. నవ్వుతూనే అన్నారనుకో."

"పడిన కాలు నాదైతే?"

"నాకు నలుగురు ఆడపిల్లలు, మానా. ఈ తుపాకీ ఇచ్చి నాలుగున్నర వేలిస్తున్నారు నెలకి. నన్ను ఆ పనికి పెట్టకు. నీ కాళ్లు పట్టుకుంటాను."

అతని గడ్డం వణకడం ఆమె చూసింది. తుపాకీ పట్టుకున్నవాడికే ఇంత భయముంటే, దాని ముందు నిలబడేవాళ్లకు ఎంత ఉండాలి అనుకుంది. అతని భుజం తట్టి పంపేసింది.

శుక్రవారం పది గంటలకు ఆటు. రెండు బస్సుల్లో వచ్చారు అతిథులు. అందరికీ ఒకే రంగు టోపీలు. ఒడ్డున డేరా వేసి, అరిటాకుల మీద అన్నం, కాల్చిన చేపలు, కొబ్బరి వెనిగర్‌లో నానిన పచ్చి చేపముక్కలు పరిచారు. డేరా, భోజనం లాస్కానోగారి కానుక అని బోర్డు పెట్టారు. ఆయన కూడా వచ్చాడు. తెల్లచొక్కా, మెత్తటి మాట. పిల్లలందరినీ పేరుపెట్టి పలకరించాడు.

అధ్యక్షురాలు మేడమ్ ఓర్తెన్స్ పెద్దావిడ. మంచిదానిలాగే ఉంది. చెప్పులు విప్పి బురదలో దిగడానికి ఏమాత్రం వెనకాడలేదు. "ఒక్కరి చదువు ఈ సముద్రాన్ని ఆపలేదు. అందుకే అందరం చేతులు కలిపాం," అంటుంటే ఆమె కళ్లు తడిశాయి. అందులో నటన లేదని హెర్మినియాకు తెలిసింది.

మొక్కల బుట్టల దగ్గర చెట్ల శాస్త్రం ప్రొఫెసర్ అబాద్ ఒంటరిగా ఉండడం చూసి హెర్మినియా దగ్గరికి వెళ్లింది.

"అయ్యా, మీరు చదువుకున్నవారు. ఇవి ఇక్కడ బతుకుతాయా?"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "కష్టమమ్మా. నేల మరీ పల్లం."

"మరి చెప్పలేదేం?"

"చోటు ఎంచడం నా పని కాదు. ఎన్ని నాటారో, ఎంత ఎత్తు పెరిగాయో చూడ్డం వరకే నాది. ఖాళీగా, తగాదా లేని నేల కావాలన్నారు. ఇది దొరికింది."

"చెరువుంది కదయ్యా."

"అదే సరైన చోటు," అన్నాడాయన నెమ్మదిగా. "కానీ అది లాయర్ల పని."

ఆమె లాయరును వెతికింది. చేపముళ్లు తీసుకుంటున్న కుర్ర లాయరమ్మ, ప్రశ్న విని, తల ఊపింది. "ఐదేళ్లు సాగు చెయ్యకుండా వదిలేస్తే కౌలు రద్దుచేసి ప్రభుత్వం వెనక్కి తీసుకోవచ్చు. ఎవరైనా అర్జీ పెట్టాలి మరి."

"మీరు పెట్టచ్చుగా?"

"ఇక్కడుండేవాళ్లు పెట్టాలండీ. అసలు ఆ చెరువు పనికొస్తుందని మాకెవరూ చెప్పలేదు. అది శాస్త్రవేత్తల పని కదా."

పది అడుగుల దూరంలో ప్రొఫెసర్ అన్నం తింటున్నాడు. ఇద్దరూ ఒకే బస్సులో వచ్చారు. ఎవరి విద్య వాళ్లు తెచ్చుకున్నారు, ఎవరికి వాళ్లు గట్టు దాకా వచ్చి ఆగారు. హెర్మినియాకు కోపం రాలేదు. చీకట్లో మెట్టు ఉందనుకుని కాలు వేస్తే కింద ఏమీ లేనట్టు అనిపించింది. కాపాడతారనుకున్నవాళ్లకు సగం సగం తెలుసు. తూర్పున అల్పపీడనం మాత్రం పూర్తిగానే ఉంది.

మైకులో ఆమె పేరు పిలిచారు.

వరుస మొదట్లో మేడమ్ ఓర్తెన్స్ నిలబడి ఉంది. చేతిలో మడ మొక్క. ఇద్దరూ కలిసి మొదటి మొక్క నాటాలి, సినిమావాడు తీయాలి. హెర్మినియా మొక్క అందుకుంది. వంగింది. కింద చిన్న గుంట అప్పటికే తవ్వి ఉంది. గుంటలో సముద్రపు గడ్డి వేళ్లు నల్లగా కుళ్లి కనపడ్డాయి.

ఆమెకు గుడిసె గుర్తొచ్చింది. ఇస్యోంగ్ గడ్డం గుర్తొచ్చింది. అయినా లేచింది. మొక్కను తిరిగి బుట్టలో పెట్టింది.

"అమ్మా, నేను ఇక్కడ నాటను."

మేడమ్‌కు అర్థం కాలేదు. "ఒంట్లో బాగోలేదా?"

"మూడుసార్లు నాటాం. మూడుసార్లూ చచ్చాయి. నాలుగోసారి కూడా చస్తాయి. బతికే చోటు అదిగో." చెయ్యి చాపింది. "గట్టు లోపల. ఆ ప్రొఫెసరుగారిని అడగండి. ఆ లాయరమ్మని అడగండి. ఇద్దర్నీ ఒకేచోట కూర్చోబెట్టి అడగండి."

"ఇది తియ్యాలా, వద్దా?" అని సినిమావాడు పక్కవాణ్ణి అడగడం మైకులో వినిపించింది.

లాస్కానో ముందుకొచ్చాడు. నవ్వు చెదరలేదు. "తప్పు పట్టకండి మేడమ్. కూతురు పోయిన దగ్గర్నుంచీ మానా మినియాకి మనసు స్థిమితంగా లేదు, పాపం. మేమంతా ఓర్చుకుంటూ ఉంటాం."

ఇంతమందిలో లిర్యో మాట ఎత్తుతారని హెర్మినియా అనుకోలేదు. వెళ్లిపోదామనుకుంది. కాలు కదిలింది కూడా.

"మనసు బాగోలేదు, నిజమే అయ్యా," అంది చివరికి. "నీళ్లు ఎటునుంచి వచ్చాయో, ఏ గట్టు తగిలి వెనక్కి మళ్లి మమ్మల్ని ముంచాయో మాత్రం బాగా గుర్తుంది."

కొపియా తన చేతిలోని మొక్కను తీసుకొచ్చి అదే బుట్టలో పడేసింది. "నా నడుం కూడా నొప్పిగా ఉంది," అంది, ఎవరివైపూ చూడకుండా. మిగతా ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తరవాత ఒక్కొక్కరే వంగి నాటడం మొదలుపెట్టారు. మొక్కకు ఆరు పెసోలు. హెర్మినియా వాళ్లను తప్పుపట్టలేదు.

మేడమ్ ఓర్తెన్స్ ప్రొఫెసరు వైపు చూసింది. ఆయన బురద వైపు చూశాడు. బస్సెక్కే ముందు ఆవిడ హెర్మినియా చేతులు పట్టుకుని, ఈ విషయం తప్పకుండా చర్చిస్తామని చెప్పింది. లాయరమ్మ ఒక చీటీ మీద ఫోన్ నంబరు రాసిచ్చింది.

శనివారం ఉదయం ఇస్యోంగ్ వచ్చి, గుమ్మంలో నిలబడి, కాగితం ఇచ్చాడు. నెలాఖరులోగా గుడిసె ఖాళీ చెయ్యాలని అందులో ఉంది. ఆమె అడక్కుండానే అతనే చదివి వినిపించాడు. చదువుతూ మధ్యలో రెండుసార్లు ఆగాడు.

కొపియా ఆ రోజే అర్జీ రాసింది. దాన్ని పట్టుకుని ఇద్దరూ గుడిసె గుడిసెకీ వెళ్లారు. కొందరు తలుపు తియ్యలేదు. కొందరు తీసి, "పిల్లలున్నారు మానా," అన్నారు. ఒకామె ఏడ్చింది. తుఫాన్ల కాలం ఇంకా ముందుంది. అల్పపీడనం తప్పిపోయిందని రేడియో చెప్పింది, తూర్పున ఇంకొకటి పుట్టిందని కూడా చెప్పింది.

మనీలా నుంచి ఇంతవరకూ కబురు లేదు. అర్జీ మీద రెండే సంతకాలున్నాయి. చెరువు తూము ఎవరూ తెరవలేదు.