డిక్కీలో అడ్డకడ్డీ

నేను ఒక అడ్డకడ్డీని. కారు డిక్కీలో, వెనక చక్రాల స్ప్రింగులు పైకి వచ్చి ఆనుకునే రెండు గూళ్ళకూ మధ్య నన్ను బిగిస్తారు. మలుపుల్లో కారు ఒళ్ళు మెలికపడకుండా పట్టుకోవడం నా పని. ఈ మాట చెప్పగానే నమ్మినవాణ్ణి నేనింతవరకు చూడలేదు. నేనూ ఎవర్నీ చప్పున నమ్మను. అది నాకు పుట్టుకతో వచ్చిన గుణం.

పుట్టింది ఊరి బయట ఒక రేకుల షెడ్డులో. గొట్టం కోసినవాడు కొలిచాడు. అతుకు వేసినవాడు కోసినవాణ్ణి నమ్మక మళ్ళీ కొలిచాడు. ఎర్రరంగు పూసినవాడు అతుకును గోటితో గీకి పెదవి విరిచాడు. అయినా ఆ ముగ్గురూ ఒకే ముంతలోని టీ పంచుకుని తాగారు. మనుషుల అనుమానం పనిముట్ల వరకే గాని టీ దాకా రాదని అప్పుడే తెలిసింది.

తర్వాత గాజువాక ఆటోనగర్‌లో ఒక విడిభాగాల కొట్టు గోడకు వేలాడాను. వచ్చిన ప్రతివాడూ కుండ బేరమాడుతున్నట్టు నన్ను వేలి కణుపుతో కొట్టి చూసేవాడు. మోగితే "డొల్ల" అనేవాడు. మోగకపోతే "లోపలేదో కూరారు" అనేవాడు. ఎలా మోగాలో ఎవరూ చెప్పలేదు.

అలా వచ్చినవాడే నూకరాజు. నర్సీపట్నంలో కారు కిరాయికి తోలే మనిషి. జేబులోంచి అయస్కాంతం తీసి ముందు నాకు అంటించాడు, తర్వాత కొట్టు గుమ్మానికి అంటించాడు. గుమ్మానికెందుకో ఆయనకే తెలియాలి.

పాపం, ఆయన బాధ ఆయనది. భార్య రవణమ్మ జాకెట్లు, లంగాలు కుట్టి వారం వారం చింతపల్లి సంతకు తీసుకెళ్ళి అమ్ముతుంది. వానాకాలంలో ఒకసారి లంబసింగి ఘాటీలో, కొండదారి పక్క గోడకట్టు దగ్గరి మలుపులో, కారు వెనకభాగం ఊగి పక్కకు జారింది. రోడ్డు అంచుకు అవతల లోయ తప్ప ఏమీ లేదు. రవణమ్మ మూటలతో సహా అక్కడే దిగిపోయి, వెనక వచ్చే బస్సు ఎక్కేసింది. అప్పట్నుంచి సంతకు బస్సులోనే వెళ్తోంది. నూకరాజు ఖాళీ కారు వేసుకుని ఆ బస్సు వెనకే వెళ్తున్నాడు. ఆ బస్సు బ్రేకుల మీద ఆయనకు నమ్మకం లేదట. దారి పొడుగునా జనం నవ్వుకుంటున్నారని ఆయనే కొట్టువాడికి చెప్పుకున్నాడు.

"రబ్బరు బుష్షులు మార్చేను, షాకులు మార్చేను. ఊగడం తగ్గింది గాని పోలేదు. మలుపులో ఇంకా ఒళ్ళు తిప్పుతంది. అదిగో, కింద వేసే ఆ లావు కడ్డీ ఇచ్చెయ్యి," అన్నాడు.

"అది వద్దు. వెనకాల మరీ బిర్రుగా అయిపోతే తడి రోడ్డు మీద చక్రం పట్టు వదిలేస్తాది. మీ ఘాటీకి ఈ పైన వేసేది చాలు," అన్నాడు కొట్టువాడు.

నూకరాజు కళ్ళు చిన్నవయ్యాయి. కొట్లో ఉన్న సరుకు వద్దనే వర్తకుడు ఎక్కడైనా ఉంటాడా? లావుది ఇంకెవరికో దాచాడేమో, అమ్ముడుపోని నన్ను తనకు అంటగడుతున్నాడేమో. బజారంతా తిరిగాడు. ఏ కొట్లో ఏది పొగిడితే దాన్ని వదిలేశాడు. చివరికి మళ్ళీ ఇక్కడికే వచ్చాడు. కొట్టువాడు నన్ను పొగడకుండా దుమ్ము దులిపి ఊరుకున్నాడు కాబట్టి నన్నే కొన్నాడు. నన్ను ఎంచుకున్నది నమ్మకం కాదు, ఉన్న అనుమానాల్లో చిన్నది.

నర్సీపట్నంలో మెకానిక్కు పోలినాయుడు. నూకరాజుకు వరసకు బావ. ఆవేళ మంగళవారం. నాకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, నిమ్మకాయతో దిష్టి తీశారు. ఈ మర్యాదకు నేను కొంచెం మెత్తబడ్డ మాట నిజం. అప్పటికి నాయుడు టైరు మార్చడానికి ఎడమ వెనక చక్రాన్ని జాకీ మీద లేపి ఉంచాడు. గడియారం చూసి కంగారుపడ్డాడు.

"మూడింటికి రాహుకాలం వచ్చేస్తాది. బండి తర్వాత దించొచ్చు, ముందు దీన్ని బిగించేద్దాం."

ఒక కాలు ఎత్తి నిలబడ్డ కారుకు నన్ను గబగబా బిగించేశారు. ఆ తర్వాత జాకీ దించారు. కారు నాలుగు కాళ్ళ మీదా నిలబడింది, నేను మాత్రం ఆ మెలికలో ఇరుక్కుపోయాను. గతుకు తగిలినప్పుడల్లా 'కిర్రు'మన్నాను. ఏడవడం తప్ప నాకు వేరే భాష లేదు.

నూకరాజు రవణమ్మను బతిమాలి వీధి చివరిదాకా రమ్మని ఎక్కించుకున్నాడు. మొదటి కిర్రుకే ఆమె తలుపు తీసింది.

"ముందు ఊగేది, ఇప్పుడు ఏడుస్తంది. ఇలాటిదాన్లో నన్నా కొండెక్కిస్తావు?"

నడిచి ఇంటికి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం నూకరాజు ముఖం చూస్తే నాకే జాలేసింది. కొట్టువాడు నకిలీ సరుకు ఇచ్చాడని నాయుడన్నాడు. నాయుడికి బిగించడం రాదని కొట్టువాడు ఫోనులో అన్నాడు. ఇద్దరూ కలిసి మోసం చేశారని నూకరాజు అనుకున్నాడు. నన్ను పీకి పారేసి, కారు కూడా అమ్మేస్తానన్నాడు.

పీకే రోజున రవణమ్మ కూడా నాయుడి షెడ్డుకు వచ్చింది. మర్నాడు సంత, అటునుంచటే బస్సెక్కుదామని మూటలు కట్టి తెచ్చుకుంది. పీకడమైనా సరిగ్గా పీకుతారో లేదోనని ఆవిడ అనుమానం. పానా అందుకున్న నాయుణ్ణి ఆపింది.

"అన్నా, ఇది బిగించినప్పుడు కారు ఎలగుంది?"

"ఎలగుంటాది చెల్లీ, ఎడమ చక్రం జాకీ మీదుంది."

"మనిషి ఓ చెయ్యి పైకెత్తి ఉన్నప్పుడు కొలత తీసి జాకెట్టు కుడితే, చెయ్యి దించాక చంక కాడ పట్టెయ్యదా?"

నాయుడు పానాతో వీపు గోక్కున్నాడు. "రాహుకాలం వచ్చేస్తందని..."

"రాహుకాలంలో బిగిస్తే ఏటయ్యేదో నాకు తెలీదు గాని, రాకముందు బిగిస్తే ఏటయిందో వింటన్నాం కదా."

నా నట్లు వదులు చేశారు. ప్రాణం లేచి వచ్చింది. ఈసారి కారును చదునైన నేల మీద నిలబెట్టి, రోజూ మోసే బరువు మీదే బిగించాలన్నాడు నాయుడు. రవణమ్మ మూటలు లోపల పెట్టి, తనూ వెనక సీట్లో కూర్చుంది. ఆమె బరువు నా మీదికి మెల్లగా దిగింది. ఇటొక చుట్టు, అటొక చుట్టు, తొందర లేకుండా నట్లు బిగించారు. నాలో ఏ మెలికా లేదు.

ఆమె దిగుతుందని అందరం ఎదురుచూశాం. దిగలేదు.

"మూటలు మళ్ళీ ఎవరు దించుతారు? ఈ పూటకి దీన్లోనే పోనీ. చింతపల్లిలో మా చిన్నమ్మింట్లో పడుకుందాం," అంది, చెయ్యి మాత్రం తలుపు పిడి మీదే ఉంచి.

ఘాటీ మొదలైంది. ప్రతి మలుపుకూ ఆమె ఊపిరి బిగబట్టడం నాకు తెలుస్తూనే ఉంది. గోడకట్టు మలుపు దగ్గరకొచ్చేసరికి నూకరాజు గేరు దించి దేవుడికి దణ్ణం పెట్టుకున్నాడు. నేనూ భయపడ్డాను. కారు తిరిగింది, నేను పట్టుకున్నాను, వెనకభాగం బుద్ధిగా ముందుభాగం వెంట వచ్చింది. ఆమె అరుస్తుందేమోనని చెవి ఒగ్గాను.

వినిపించింది గురక.

నూకరాజు అద్దంలోకి చూశాడు. నమ్మక, అద్దం తిప్పి మళ్ళీ చూశాడు. పిడి మీది చెయ్యి జారి ఆమె ఒళ్ళో పడి ఉంది. లంబసింగిలో రోజూ తాగే టీ కొట్టు వచ్చినా ఆయన బండి ఆపలేదు. ఆపితే ఆమె లేస్తుందని.

ఏళ్ళు గడిచాయి. కారు ముసలిదై ముక్కలైంది. నేనిప్పుడు గాజువాకలోనే ఒక పాత ఇనుము పోగులో ఉన్నాను. ఎర్రరంగు పెచ్చులూడింది. వచ్చినవాళ్ళు వేలితో కొట్టి చూసి, "డొల్ల" అని అవతల పడేస్తున్నారు. వాళ్ళను తప్పుపట్టను. నా తరఫున చూపించడానికి నా దగ్గరున్న సాక్ష్యమల్లా రవణమ్మ గురక ఒక్కటే. అది నిజం నిద్రో, మొగుడి మనసు నొప్పించలేక చేసిన నటనో అని నేనూ చాన్నాళ్ళు అనుమానించాను. పిడి మీంచి దానంతటదే జారిన ఆ చెయ్యి గుర్తొచ్చాక, ఇప్పుడు అనుమానించడం లేదు.