సుశీల ఏరుకున్న ఇరుసు

1991 వానాకాలంలో మద్దూరు దగ్గర వాగులో సుశీల జీపు దిగబడింది. లోపల ఊరి లచ్చవ్వ పురిటి నొప్పులు పడుతోంది. నలుగురు దిగి నెట్టినా వెనక చక్రాలు బురద చిమ్మాయే తప్ప బండి కదల్లేదు. ట్రాక్టరు వచ్చి లాగి, సిద్దిపేట దవాఖానకు చేరేసరికి ఆలస్యమైపోయింది. తల్లి దక్కింది, పసిగుడ్డు దక్కలేదు.

భర్త సామ్యూల్ పోయాక ఆ జీపు కిరాయికి నడుపుకునే బతుకుతున్న సుశీలకు ఆ రోజు నుంచి కంటికి కునుకు లేదు. నిజానికి అది నాలుగు చక్రాలూ లాగే బండి. పాత యజమాని డీజిలు ఆదా అవుతుందని ముందు చక్రాలను తిప్పే ఇరుసు తీయించేసి, ఊరికే బరువు మోసే పైపు ఒకటి బిగించాడు. అసలైన ఇరుసు మళ్లీ వేయించాలనుకుంది.

మెకానిక్ పర్శరాములు నవ్వాడు. "కిరాయి బండికి గవన్నీ ఎందుకక్కా? ముందట కమాను పట్టీలు గట్టియి ఏయించుకో, సాలు."

"పట్టీలు బండిని గుంజుతయా అన్నా?"

పాత సామాన్ల దుకాణంలో రెండు ఇరుసులు దొరికాయి. ఒకటి నల్లరంగు పూసి నిగనిగలాడుతోంది. రెండోది మిలిటరీ వేలంలో వచ్చిన జీపుది, ఒళ్లంతా తుప్పు. పర్శరాములు రంగుదాని మీద చెయ్యి వేశాడు. "గిది తీస్కో. కొత్తదాని లెక్కున్నది."

సుశీల కొంగు నడుముకు దోపి మట్టిలో కూర్చుంది. పొద్దున్నే ఇంటి దగ్గర జాకీ పెట్టి తన బండి వెనక ఇరుసును తిప్పి చూసుకునే వచ్చింది. చక్రాలు ఒక్క చుట్టు తిరగడానికి, గేరు డబ్బా నుంచి ఇరుసుకు వచ్చే షాఫ్టు ఐదు చుట్లకు పైగా తిరిగింది. ఇప్పుడు రంగుదాన్ని తిప్పింది. నాలుగు చుట్లే. తుప్పుదాన్ని తిప్పింది. ఐదు దాటింది.

"ముందటియి ఒక తీరు, ఎనుకటియి ఒక తీరు తిరిగితే గేరు డబ్బా పలుగుతది. నాకు తుప్పుదే గావాలె."

"ఆడోళ్లు ఇరుసులు ఏరుడు నేనేడ సూడలే. ఇరిగితే నా పేరు జెప్పకు."

"చెప్ప. గానీ బేరింగులు కొత్తయి ఏయాలె. బిగించేటప్పుడు పక్కనే కూసుంట."

మూడు రోజులు కూర్చుంది.

మరుసటి వానాకాలం, పాము కరిచిన పోశయ్యను ఎక్కించుకుని అదే వాగు దగ్గరికి వచ్చింది. ఒడ్డున ఆడవాళ్లతో ఇంకో జీపు ఆగి ఉంది. దాని డ్రైవరు చెయ్యి అడ్డం పెట్టాడు.

"మళ్లిపో సుశీలా. పోయినేడు అయింది సాలలేదా?"

ఆ మాట గుండెలో దిగింది. "సాలింది. గందుకే ఆగుతలేను," అని ముందు చక్రాల గేరు వేసింది.

నీళ్లు కాళ్ల దాకా వచ్చాయి. స్టీరింగు చేతుల్లో గుంజుకుంది. నడివాగులో బండి ఒక్క క్షణం నిలిచింది. ఆమె యాక్సిలరేటరు మీంచి కాలు తీయలేదు. ముందు చక్రాలు ఇసుకను కరిచిపట్టి, అవతలి గడ్డ మీదికి బండి మూతిని ఎత్తాయి.

పోశయ్య బతికాడు. మాపటికి ఆమె తిరిగి వాగు దాటి వచ్చేసరికి ఆ డ్రైవరు ఇంకా ఒడ్డునే ఉన్నాడు. తల వంచుకునే, తన బండిలోని ఆడవాళ్లను దాటించమని అడిగాడు.

"ఎక్కుమను," అంది సుశీల. "నువ్వు సుత ఎక్కు. ఎట్ల దాటుతదో కండ్లార సూడు."