మట్టికి మ్యాచింగ్

వరంగల్ గిర్మాజీపేటలో సారంగపాణికి మ్యాచింగ్ సెంటర్ ఉంది. చీర తెస్తే దానికి జాకెట్ గుడ్డ, లైనింగ్, ఫాల్ అదే రంగులో ఇస్తాడు. షాపు మీదే ఇల్లు.

ఆయన భార్య నిర్మల మూడేళ్లుగా మేడ మీద పళ్లెంలో నీళ్లు పెట్టి, వచ్చే పిట్టలను చూసి రాసుకుంటోంది. పిట్టలను చూసేవాళ్ల గ్రూపులో చేరింది. ఈ జనవరిలో పాలంపేట నడకకు ఆమెనే ముందుండి నడిపించమన్నారు. మొదటిసారి. మొత్తం ఏడుగురు. పాలంపేట రైతు యాకయ్య తన కరిగెటలో, అంటే నాటుకు దున్ని తడిపిన మడిలో, నల్ల కంకణాలు దిగుతున్నాయని ఫోన్‌లో చెప్పాడు. వంకర ముక్కు, నెత్తిన ఎర్ర మచ్చ ఉండే నల్ల పక్షులు. మనిషిని చూస్తే లేచిపోతాయి. అవి కనబడకుండా పోతే తనను మళ్లీ ముందు నడవమనరని నిర్మలకు తెలుసు.

బుధవారం ఆమె ఆదివారం నడకకు జాబితా రాస్తోంది. బైనాక్యులర్లు మూడు, చాయ్ ఫ్లాస్కు, అటుకులు ఏడుగురికి, వ్యాను తెల్లారుజామున నాలుగున్నరకు. సారంగపాణి మూట తెచ్చి మంచం మీద విప్పాడు. చేతుల్లేని హాఫ్ జాకెట్లు ఏడు. ఎర్రవి.

"ఏందివి?"

"మీ గ్రూపుకు. మొగిలయ్య టైలర్‌తోని కుట్టిచ్చిన. నీ ఫోన్‌ల ఆ పిట్ట ఉండె గదా, దాని నెత్తికి మ్యాచింగ్. పెట్టి చూడు, జర కూడ తేడా రాదు."

ఆమె ఫోన్ పక్కన పెట్టి చూసింది. తేడా లేదు. మూడేళ్లలో ఆయన పిట్టల గురించి అడిగింది లేదు. మా ఆమె కాకుల లెక్క రాస్తదని గిరాకీలతో అనేవాడు.

"మంచిగున్నయి," అంది.

గురువారం పొద్దున, "ఒకటి తొడుక్కొని పైకి రాండ్రి," అంది. ఇద్దరూ పళ్లేనికి దూరంగా కూర్చున్నారు. పావుగంట గడిచింది. పికిలిపిట్టలు పక్కింటి తీగ దాటి రాలేదు.

"రోజూ ఇట్లనేనా?"

"రోజూ ఈ టైంకు పది వస్తయి."

సారంగపాణి తన ఛాతీ వైపు చూసుకున్నాడు. జాకెట్ విప్పి, మడిచి, కింద పెట్టుకుని కూర్చున్నాడు. కాసేపటికి రెండు పిట్టలు దిగి నీళ్లు తాగాయి.

"నిన్ననే చెప్పొద్దా?"

"అంత ఇష్టంగ కుట్టిస్తిరి. ఎట్ల చెప్పాలె?"

"తప్పు రంగు ఇస్తే గిరాకీ ఊకుంటదా? మొహం మీద కొడ్తది."

"నేను గిరాకీని గాదు గదా."

 యాకయ్య పొలం ఏ రంగని ఆయన అడిగాడు. ఆమె ఫోటో చూపింది.

"ఫోన్‌ల రంగు నమ్మితే నా షాపు ఎప్పుడో మూతపడుతుండె. మట్టే కావాలె."

యాకయ్యకు ఆయనే ఫోన్ చేశాడు. "అన్నా, నీ కరిగెట మట్టి ఒక పిడికెడు బస్సుల పంపరాదే."

"మట్టి ఏం జేస్తవు సేటూ?"

"మ్యాచింగ్ చూడాలె."

"మా పొలానికి జాకెట్ కుట్టిస్తవా ఏంది?" అన్నాడు యాకయ్య. కాని పంపాడు.

శుక్రవారం మట్టి వచ్చింది. తడి మట్టిది ఒక రంగు, ఆరినదానిది ఒక రంగు అని సారంగపాణి సగం ఆరబెట్టాడు. రెండూ పట్టుకుని షాపు బయట ఎండలో నిలబడి తానులు ఒక్కొక్కటే తెప్పించుకున్నాడు. నలుగురు గిరాకీలు లోపల కూర్చుని చూశారు. రంగు చివరి అరలో దొరికింది. ఎవరూ అడగని లైనింగ్ గుడ్డ. కుట్టించే టైం లేదు. శాలువాలుగా కోసి, అంచులకు పీకో చేయించాడు.

శనివారం పొద్దున ఆ శాలువా కప్పుకుని ఇద్దరూ మేడ మీద కూర్చున్నారు. ఐదు నిమిషాలకు పికిలిపిట్టలు దిగాయి. నిర్మల లెక్కపెడుతోంది.

"తొమ్మిది," అన్నాడు ఆయన, గొంతు తగ్గించి.

"పది. ఒకటి గోడ మీదుంది."

పిట్టలు వెళ్లాక ఆయన అడిగాడు. "రేపు తొమ్మిదింటికి షాపు తెరవాలె. ఆ లోపల వాపస్ వస్తరా?"

"రాము."

"అయితే తాళంచెవి మొగిలయ్యకు ఇస్త."

నిర్మల కిందికి వెళ్లి జాబితాలో అటుకుల దగ్గర ఏడు కొట్టేసి ఎనిమిది రాసింది.