పడింది ఎన్నింటికి?

చెరుకుపల్లిలో గడ్డివామి వెయ్యాలంటే సుందరయ్యే వెయ్యాలి. ఊరు అనే మాట కాదిది, సుందరయ్య అనుకునే మాట. పొద్దున ఆరింటికి ఆ వామి మీంచే జారి వెల్లకిలా పడ్డాడు. నడుం కింద ఏమీ తెలియడం లేదన్నాడు.

"బాపట్ల దగ్గర కట్టు కట్టే ఆయన మా అమ్మ మోకాలు నిలబెట్టాడు, పదండి!" అని భార్య ధనమ్మ హడావుడి చేసి, అతన్ని ఆటోలో ఇద్దరి మధ్య కూర్చోబెట్టించింది. దెబ్బతిన్న వెన్నుని అలా కుదిపేసుకుంటూ తీసుకెళ్ళకూడదని ఆ ఆటోలో ఒక్కరికీ తెలియదు.

పసరు పూశారు, కోడిగుడ్డు సొనతో కట్టు కట్టారు. కాళ్ళు మాత్రం కదల్లేదు. ఇది నా వల్ల కాదని ఆ కట్టాయన చేతులెత్తేశాడు. రేపల్లె నుంచి ఆడపడుచు మొగుడు సంజీవరావు కారు తెచ్చి, తెనాలి ఆసుపత్రిలో చేర్చేసరికి సాయంత్రం నాలుగైంది.

సంజీవరావుకి తెలియని సంగతి భూమ్మీద లేదు. దారిలోనే ఎవరికో ఫోన్ చేసి కనుక్కున్నాడు.

"దెబ్బ తగిలిన ఎనిమిది గంటల్లోపు స్టెరాయిడ్ ఇంజెక్షన్ పడితే లేచి నడుస్తాడంట! పడింది పదింటికని చెప్పండి. కట్టు ఊసెత్తొద్దు."

ధనమ్మకి ప్రాణం లేచొచ్చింది. ఆ అబద్ధం చాటున తన నిర్వాకం కూడా దాగిపోతుంది.

డాక్టరు అడగ్గానే సుందరయ్య మంచం మీంచే అందుకున్నాడు. "పదింటికండి. రెండు పెసరట్లు తిని మరీ ఎక్కాను."

నర్సు స్టెల్లా ఇంజెక్షనూ, దానికి ఒప్పుకోలు కాగితాలూ తెచ్చింది. సంతకం పెట్టబోతున్న ధనమ్మకి డాక్టరు విడమరిచి చెప్పాడు.

"ఇది అమృతం కాదమ్మా. ఎనిమిది గంటల్లోపు ఇస్తే కొందరికి కాస్త మేలు, అదీ డాక్టర్లందరూ ఒప్పుకోరు. వేళ దాటాక ఇస్తే చేటే ఎక్కువ. ఊపిరితిత్తులకి ఇన్ఫెక్షన్ రావచ్చు, కడుపులో రక్తం పోవచ్చు. పైగా ఈయనకి షుగర్."

ధనమ్మ చేతిలో పెన్ను ఆగిపోయింది. నిజం చెబితే ఇంజెక్షన్ ఉండదు, కాళ్ళు రావేమో. చెప్పకపోతే మనిషే దక్కడేమో. చెబితే ఆ పది గంటల ఆలస్యం ఎవరి పుణ్యమో అందరికీ తెలుస్తుంది. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

"ఆరింటికే పడ్డారండి. కట్టుకి తీసుకెళ్ళింది నేనే."

స్టెల్లా ఇంజెక్షన్ వెనక్కి తీసుకెళ్ళింది.

"చెప్పి మంచిపని చేశారు. ఆపరేషన్ చేసి వెన్ను మీద ఒత్తిడి తీస్తాం. ఎంత తిరిగొస్తుందో ఇప్పుడే చెప్పలేను," అని డాక్టరు వెళ్ళిపోయాడు.

సంజీవరావు గయ్యిమన్నాడు. "నీ నోట్లో నువ్వుగింజ నానదా చెల్లెమ్మా? కట్టు కట్టు అని ఎగిరి పొద్దంతా పాడుచేశావు. ఇప్పుడు మందు కూడా దక్కకుండా చేశావు!"

ధనమ్మ మొగుడి వంక చూడలేకపోయింది. ముప్పై ఏళ్ళ కాపురంలో పప్పులో ఉప్పెక్కువైనా, వాన కురవకపోయినా తప్పు ఆమెదే. ఇక ఈ తప్పుకి ఎన్ని తిట్లు తిడతాడో అని తలొంచుకుని నిలబడింది.

"నోర్ముయ్ బావా," అన్నాడు సుందరయ్య. "కట్టుకి పదమని ఏడ్చింది నేను. ఇది వద్దు వద్దని మొత్తుకుంది. నేనే విన్లేదు."

ధనమ్మ బావురుమంది. ఇందాక డాక్టరు ముందు నిజం చెప్పిన నోరు, ఈ అబద్ధాన్ని దిద్దడానికి మాత్రం పెగల్లేదు.